పాలు తగ్గాయి, నీళ్లు మాత్రం కలపను

రేపటి నుంచి హన్మకొండ లైన్‌లో సాయంత్రం పాలు బంద్. పొద్దున లీటరు తీసుకునే ఇళ్లకు అర లీటరే. చిన్నపిల్లలున్న ఇళ్లకు కోత లేదు, హోటళ్లకు ముందే ఆపేశాను. 110 లీటర్లు రావాల్సిన చోట 70 వస్తున్నాయి. కార్తీకమాసంలో ఇట్లా చెప్పాల్సి రావడం నాకు తలవంపులే, అయినా సంగతి దాచను.

ఈ కొరత ఎట్లా వచ్చిందో చెప్తా. పంజాబ్ దేశవాళీ జాతి ఆవు సాహివాల్ పాలు కావాలని మీలో చాలామంది అడిగారు. పంజాబ్ నుంచి ఆవుల్ని లారీలో దింపితే ఇక్కడి మేతకు అలవాటు పడేలోపే నీరసిస్తాయి. అందుకే పిండమార్పిడికి, అంటే సాహివాల్ పిండాన్ని వేరే ఆవు గర్భంలో పెట్టించడానికి దిగాను. మోసేది మన జెర్సీ క్రాస్, పుట్టేది మన ఎండలోనే పెరిగే సాహివాల్ దూడ. ఐదు పడ్డలు, నాలుగు వట్టిపోయిన ఆవులు, మొత్తం తొమ్మిదింటిని దానికోసం ఆపాను.

డిసెంబరులో పిండాలిస్తామన్న సప్లయర్ ఫిబ్రవరిలో వచ్చాడు. ఈలోపు ఆవులు ఎదకు వచ్చిన ప్రతిసారీ, ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేసే గోపాలమిత్రను వెనక్కి పంపాను. డిసెంబరులోనే కరీంనగర్ వీర్యం స్ట్రాతో మామూలు ఎద సూది వేయిస్తే సెప్టెంబరుకల్లా ఈని, ఇప్పుడు పాలిచ్చేవి. ఆ తప్పు అచ్చంగా నాదే.

ఇక ఆ రోజు సంగతి. తొమ్మిదింటినీ ఒకేసారి ఎదకు తెప్పించి ఉంచాం. ఎద వచ్చిన ఏడో రోజున పిండం పెట్టాలి, ఒక రోజు అటూ ఇటూ అంతే. సరిగ్గా ఆ పొద్దున, గడ్డకట్టించిన పిండాలున్న ద్రవ నైట్రోజన్ క్యాన్ దిగింది. నల్ల స్కేలు లోపల ముంచి తీసి గాలిలో ఊపితే, నైట్రోజన్ ఎంత మేర ఉందో అంత మేర తెల్లగా మంచు పడుతుంది. రెండు వేళ్ల మందం కూడా పడలేదు. మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉండాల్సిన సరుకు అది! దారిలో వేడెక్కిందా లేదా అన్నది పిండం ఉన్న స్ట్రాను చూసి చెప్పలేమన్నారు డాక్టర్. మా ఇంటామె "వాపస్ పంపు" అంది. ఆవులు సిద్ధంగా ఉన్నాయి, అడ్వాన్స్ పోయింది, ఇంకో ఎద కోసం ఆగితే ఎండలు ముదురుతాయి. రెండు గంటలు కొట్టం ముందు తిరిగి తిరిగి, చివరికి పెట్టించాను. మొండితనమే అనుకోండి.

మంచి పిండాలైనా పదింటికి మూడో నాలుగో నిలుస్తాయి. నాకు ఒక్కటి నిలిచింది. నెల తర్వాత స్కానింగ్‌లో తేలింది. సప్లయర్‌కు ఫోన్ చేస్తే "మీ ఆవులకే బలం లేదు" అన్నాడు. స్కేలు మీది మంచు ఫోటో పంపాను, జవాబు లేదు. నా ఆవులకు బలం లేదట! ఎండాకాలంలో ఎద సూదులు కూడా నిలవలేదు, వానలు పడ్డాకే చూలు కట్టాయి. అందుకే మార్చి ఆఖరుదాకా ఈ కరువు.

ఒకరు "హార్మోన్ పాలా?" అని మొహం మీదే అడిగారు. పాలు చేపడానికి పొడిచే ఆక్సిటోసిన్ వేరు, అది నా కొట్టంలో అడుగుపెట్టలేదు. ఎదను ఒక దారికి తెచ్చే మందు వేరు. అది వేసింది ఆ తొమ్మిదింటికే, అప్పుడు వాటిలో పాలిచ్చేది ఒక్కటీ లేదు. నమ్మకపోతే కొట్టానికి రండి, చీటీలు చూపిస్తా.

బయట పాలు కొని మీ సీసాల్లో పోయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. పోయను. రేటు కూడా పెంచను. వేరే చోట తీసుకుంటామంటే మీ సీసా డిపాజిట్ ఈ వారమే ఇచ్చేస్తా.

నిలిచిన ఆ ఒక్కటి మొన్న ఈనింది. ఎర్రటి పెయ్య, చెవులు వేలాడేసుకుని తల్లి కింద దూరుతోంది. పిల్లలకు చూపించాలంటే ఆదివారం పొద్దున తీసుకురండి. జున్నుపాలు అడగొద్దు, అవి మొత్తం దానికే.