అరువు పడవలో దీవికొచ్చిన ఫైర్ అన్నలకు కృతజ్ఞతలు

మాది పులికాట్ సరస్సులోని ఇరకం దీవి. తడ మండలం, 2022 నుంచి తిరుపతి జిల్లా. పోయిన నెల ఒక రాత్రి మా అవ్వ ఇంటిని ఆనుకున్న వలల కొట్టానికి నిప్పంటుకుంది. ఆ రాత్రి మమ్మల్ని ఆదుకున్న వాళ్ళందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

నైలాన్ వల మండితే కరిగి చుక్కలుగా కారుతుంది. చుక్క పడిన చోటల్లా మళ్ళీ మంట. మా తమ్ముడు 101కి ఫోన్ చేశాడు. ఫైరింజన్ భీములవారిపాలెం రేవు దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడితో రోడ్డు అయిపోయింది మరి. బండిలో 4,500 లీటర్ల నీళ్ళు, ఎదురుగా పులికాట్ నిండా నీళ్ళు, అవతల మా ఇల్లు కాలుతోంది.

ఫైర్ అన్నలు ఒడ్డున నిలబడి చూడలేదు. "పడవ ఎవరిదన్నా?" అని అడిగి, నలుగురూ కలిసి చిన్న పంపును మా మామ పడవలోకి ఎక్కించారు. మామ, ఇంకో ఇద్దరు దారి చూపిస్తే దీవికి చేరారు. తీరా పంపు ఆన్ చేస్తే బురద, నాచు చేరి పైపు మూతి మూసుకుపోయింది. మా ఊరి పెద్దాయన ఒకరు గబగబా తన చేపల బుట్ట తెచ్చి, పైపు మూతిని అందులో పెట్టి నీళ్ళలో ముంచారు. అప్పుడు కదా ధార పట్టింది! కొట్టం పోయింది కానీ ఇల్లు నిలిచింది.

పొగకు అవ్వ సొమ్మసిల్లింది. ఒక ఫైర్ అన్న తన తువ్వాలు తడిపి ఆమె ముఖం తుడుస్తూ, "అవ్వా, నాతో మాట్లాడుతూ ఉండు" అని రేవు దాకా పలకరిస్తూనే ఉన్నాడట. అక్కడ 108 సిద్ధంగా ఉంది. తిరుపతి రుయా ఆసుపత్రి డాక్టర్లకు, నర్సమ్మలకు కూడా మా దండాలు. అవ్వ ఇంటికొచ్చేసింది.

ఒక్కటి మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. మామ రోజూ ఆ వేళకు వేటలో ఉంటాడు. ఆ రోజు జ్వరమొచ్చి పోలేదు, అందుకే పడవ రేవులో ఉంది. ఈ అన్నలకు సొంత పడవ ఉండాలి. పులికాట్‌లో చాలాచోట్ల నడుము లోతే, కాబట్టి అడుగు చదునుగా ఉండే పడవ. సరస్సు నీళ్ళనే తోడి చిమ్మే పంపు, పెద్ద లైటు, లైఫ్ జాకెట్లు, స్ట్రెచర్ అందులోనే ఉండాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు కాళంగి నది పొంగినట్టు మళ్ళీ పొంగితే జనాన్ని బయటికి తేవడానికీ అదే పనికొస్తుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం, దీవిలో అందరం సంతకాలు పెట్టాం.

తువ్వాలు ఇచ్చిన అన్నా, ఆ కంగారులో నీ పేరు కూడా అడగలేదు. అవ్వ దాన్ని ఉతికి మడిచి పెట్టింది. వచ్చి, చేపల పులుసుతో అన్నం తిని తీసుకుపొమ్మంటోంది.