పేరు మార్చండి, పాత పేరు చెరపకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అండమాన్ పాత మ్యాపుల మీద మీరు వేసిన పేజీ ఆసాంతం చదివాను. బొమ్మలు చక్కగా ఉన్నాయి. ఒక్క చోట మాత్రం ఆగిపోయాను. 1789లో లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తొలి ఇంగ్లిష్ స్థావరం పెట్టింది పోర్ట్ కార్న్‌వాలిస్‌లో అని రాశారు. పక్కనున్న మ్యాపులో బాణం గుర్తు తీసుకెళ్లి ఉత్తర అండమాన్‌లో పెట్టారు. రాసింది కరెక్టే, బాణమే తప్పు.

మీ విలేకరిని తప్పుపట్టను, ఆ గోతిలో నేనూ పడ్డాను. 1980లలో దీవుల మధ్య తిరిగే ఓడలో జూనియర్ ఆఫీసర్‌ని. ఉత్తర అండమాన్‌లోని ఏరియల్ బే నుంచి బయల్దేరామో లేదో పోర్ట్ కార్న్‌వాలిస్ కనిపించింది. కొత్తగా చేరిన కుర్రాళ్లను పిలిచి, "బ్లెయిర్ మొదట దిగింది ఇక్కడే" అని పాఠం మొదలుపెట్టాను. కళాసీల పెద్ద అయిన మా సారంగు తాడు చుడుతున్నవాడల్లా ఆగి, "బ్లెయిర్ దొర దిగింది రేపు మనం ఓడ కట్టే జెట్టీ దగ్గర కదా సార్" అన్నాడు. కుర్రాళ్ల ముందు నా పరువు పోయింది కానీ ఆయన మాటే నిజం.

జరిగింది ఇదీ. బ్లెయిర్ దక్షిణ అండమాన్ రేవులో, చాథమ్ దీవి మీద స్థావరం పెట్టి, ఆ రేవుకు పోర్ట్ కార్న్‌వాలిస్ అని పేరు పెట్టాడు. 1792లో స్థావరాన్ని దాదాపు 100 నాటికల్ మైళ్లు ఉత్తరానికి మార్చారు. మనుషులతోపాటు పేరు కూడా అక్కడికి వెళ్లిపోయింది. అక్కడ జబ్బులతో జనం రాలిపోతుంటే 1796లో మూసేశారు. 1857 చివర్లో ఖైదీల స్థావరానికి చోటు వెతుకుతూ వచ్చిన మోవట్ కమిటీ దక్షిణాన ఉన్న పాత రేవే మేలని తేల్చింది. దానికి పోర్ట్ బ్లెయిర్ అన్న పేరు అలా వచ్చింది. కాబట్టి 1789 నాటి కాగితంలో పోర్ట్ కార్న్‌వాలిస్ అని ఉంటే దక్షిణాన వెతకాలి. 1824లో రంగూన్ మీదికి వెళ్తూ ఇంగ్లిష్ ఓడలు కలుసుకున్న పోర్ట్ కార్న్‌వాలిస్ అంటే ఉత్తరానిది. తేదీ చూడకుండా ఆ పేరు చదివితే ఎవరైనా బోల్తా పడాల్సిందే.

ఇప్పుడూ అదే జరుగుతోంది. 2018లో రాస్ దీవిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ చేశారు, సంతోషం. కానీ డిగ్లీపూర్ దగ్గర ఇంకో రాస్ ఉంది, స్మిత్ దీవి పక్కన. దాని పేరు అలాగే ఉంది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. పేర్లు మార్చడం మీద నాకు అభ్యంతరం లేదు, పెట్టినవాళ్లేమీ మన బంధువులు కారు. కొత్త పేరు కింద చిన్న అక్షరాల్లో పాత పేరు, అది ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఉందో వేయమనే నా గోల. గ్రేట్ నికోబార్‌లోని గలాథియా బే పేరు ఇప్పుడు రోజూ వార్తల్లో ఉంది. 1846లో నికోబార్ దీవులకు వచ్చిన డెన్మార్క్ యుద్ధనౌక పేరది అని ఎక్కడైనా ఒక్క ముక్క రాశారా?

ఇక చార్టుల సంగతి, అంటే ఓడ నడపడానికి వాడే సముద్రపు మ్యాపులు. ఓడల్లోకి ఎలక్ట్రానిక్ చార్టులు వచ్చాక, ఒక ఆఫీసులో పాత కాగితం చార్టులను కట్టలు కట్టి తూకానికి వేయడం కళ్లారా చూశాను. బతిమాలి ఒకటి తెచ్చుకున్నాను. పోర్ట్ బ్లెయిర్ రేవుది. నీళ్ల నిండా చీమల్లా అంకెలు, లోతులు ఫాథమ్‌లలో. ఫాథమ్ అంటే మన జాలరి చెప్పే బారే, 6 అడుగులు. అంకెల పక్కన బురద, ఇసుక, పగడం అని పొడి అక్షరాలు. లోతు కొలిచే తాడుకు కట్టిన సీసపు గుండు అడుగున గుంటలో కొవ్వు మెత్తి నీళ్లలోకి వదిలేవారు. పైకి లాగాక కొవ్వుకు ఏది అంటుకుంటే అదే అడుగున ఉన్నట్టు. అంటే ఆ కాగితం మీద ఒక్కో అంకె వెనక పడవలో ఎండకు మాడుతూ తాడు లాగిన మనిషి ఒకడున్నాడు.

దాన్ని నమ్ముకుని ఓడ నడపమని చెప్పడం లేదు. ఇప్పటి జీపీఎస్ పాయింటు తెచ్చి ఆ చార్టు మీద పెడితే ఓడ గట్టు మీదికెక్కుతుంది, నిజంగానే. అయినా దాని అవసరం ఉంది. 2004 సునామీ నాటి భూకంపానికి దీవుల దక్షిణ కొసనున్న ఇందిరా పాయింట్ దగ్గర నేల 4 మీటర్లకు పైగా కుంగింది. లైట్‌హౌస్ మొదలు నీళ్లలోకి వచ్చింది. ఉత్తర అండమాన్‌లో నేల లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. అంతకుముందు తీరం గీత ఎక్కడుండేదో చూడాలంటే పాత చార్టులు తీయాలి. వాటిలో ఇందిరా పాయింట్ అని వెతికితే దొరకదు, పిగ్మాలియన్ పాయింట్ అని వెతకాలి.

వచ్చే ఆదివారం ఆ బాణాన్ని కిందికి దించి వేయగలరు. కావాలంటే నా చార్టు ఫొటో తీసి పంపిస్తాను. ఎడమ మూల కొంచెం చిరిగింది, చాథమ్ మాత్రం బాగానే కనబడుతుంది.

— ఒక రిటైర్డ్ ఓడ ఆఫీసర్, విశాఖపట్నం