బెయిలు వచ్చింది, మనిషి రాలేదు

రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పేద ముద్దాయిల తరఫున ఉచితంగా వాదించే న్యాయవాదిని. కిందటి ఏడాది ఒక తాపీ మేస్త్రీ కేసు నా చేతికి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా నుంచి నగరానికి వలస వచ్చిన మనిషి. పనిచేసే చోట ఇనుప చువ్వలు మాయమయ్యాయని అతని మీద దొంగతనం కేసు పెట్టారు. రుజువైతే మూడేళ్లకు మించని శిక్ష. అరెస్టయిన పన్నెండో రోజున బెయిలు మంజూరైంది. జైలు గేటు దాటింది మాత్రం యాభై మూడో రోజున.

వాయిదాలకు వస్తాడని హామీ పడే స్థానిక పూచీదారులు ఇద్దరు, పదివేల చొప్పున కావాలని కోర్టు అడిగింది. అతని అన్న పట్టాదారు పాసు పుస్తకం సంచిలో పెట్టుకుని రైలెక్కి వచ్చాడు. అక్కడి భూమి ఇక్కడ చెల్లదన్నారు. రేకుల గదిలో అద్దెకుండే కూలీకి, సొంత ఇంటి పన్ను రసీదు చూపగల స్నేహితులు ఎక్కడుంటారు? డబ్బు తీసుకుని ఎవరికైనా పూచీ పడేవాళ్లు కోర్టు ఆవరణల్లో దొరుకుతారు. ఆ సంగతి మీ పోలీసులకు నాకంటే బాగా తెలుసు. వాళ్ల జోలికి పోవద్దని నేనే చెప్పాను. బెయిలు వచ్చాక అతను లోపల గడిపిన నలభై ఒక్క రోజుల్లో కొన్ని నా సలహా ఖరీదు.

వినాయక చవితి నాడు అక్షతలు పట్టుకుని మనమంతా వినే కథలో, శమంతకమణిని కాజేశాడని సత్రాజిత్తు నింద వేస్తే, తాను దొంగను కానని రుజువు చేసుకోవడానికి కృష్ణుడంతటివాడు అడవి పట్టిపోయాడు. మన నేర న్యాయం ఆ భారాన్ని అటు తిప్పింది. నింద వేసినవాళ్లే రుజువు చేయాలి; సహేతుకమైన సందేహం మిగిలితే ముద్దాయిని వదిలేయాలి. మరి నిర్దోషిగా భావించాల్సిన మనిషిని లోపల ఎందుకు ఉంచుతున్నాం? పారిపోతాడనో, సాక్షులను బెదిరిస్తాడనో అయితే అర్థముంది. ఆ భయం లేదనుకున్నాకే కదా కోర్టు బెయిలిచ్చింది! ఆ తర్వాత అతన్ని ఆపింది నేరమూ కాదు, సాక్ష్యమూ కాదు, ఒక రసీదు లేకపోవడం.

ఇది కొత్త సమస్య కాదు. 1978లో సుప్రీంకోర్టుకు వచ్చిన మోతీరామ్ కూడా తాపీ మేస్త్రీయే. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు పదివేలకు పూచీ అడిగి, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చారు. వెయ్యి రూపాయల సొంత బాండు మీద, అంటే వేరెవరి పూచీ లేకుండా తానే రాసిచ్చే హామీ మీద, వదిలేయమంటూ జస్టిస్ కృష్ణయ్యర్ ఒక ప్రశ్న వేశారు: ఒక ఆంధ్రుణ్ణి బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టు చేస్తే, అక్కడ ఆస్తులున్న పూచీదారులను ఎలా తెస్తాడని. మన పేరు పెట్టి మరీ అడిగిన ప్రశ్న అది. ఇన్నేళ్లకూ మనవాళ్లకే జవాబు దొరకలేదు.

న్యాయమూర్తులకు మీరు ఆదేశాలివ్వలేరు, ఇవ్వకూడదు కూడా. కానీ జైళ్లు మీవి. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు, పేదలకు ఉచిత న్యాయ సాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నెల దాటినా పూచీ దొరక్కపోతే షరతులు సడలించే విషయం కోర్టులు తమంతట తామే పరిశీలించవచ్చని, స్థానిక పూచీదారుల కోసం పట్టుబట్టకపోతే మంచిదని కూడా అన్నది. మా మేస్త్రీ గురించి ఏడో రోజున ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అతని అన్న వెతుక్కుంటూ నా దగ్గరికి వస్తేనే తెలిసింది. షరతు సడలించమని పిటిషన్ వేస్తే అదే కోర్టు సొంత బాండు మీద వదిలేసింది.

బెయిలుకు డబ్బు కట్టలేని పేద ఖైదీలకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద సాయం అందే వీలుంది. దాని పేరు విన్న ఖైదీ ఇంతవరకూ నాకు తారసపడలేదు.

2022 చివరికి దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది ఇంకా కేసు తేలని విచారణ ఖైదీలే. వారిలో బెయిలు వచ్చీ లోపలే ఉన్నవారు మన రాష్ట్రంలో ఎందరో ప్రతి నెలా జైలు వారీగా ప్రకటించండి. ఏడో రోజు నివేదిక పంపని సూపరింటెండెంటును ఎందుకని అడగండి. ఇంతకంటే పెద్ద కోరికలు నాకు లేవు.

మేస్త్రీ కేసు ఇంకా విచారణకు రాలేదు. ఊరికి తిరిగి వెళ్లిపోయాడు. ప్రతి వాయిదాకూ రాత్రి రైలెక్కి వచ్చి, నాకంటే ముందే కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంటున్నాడు.

భవదీయుడు,
ఒక న్యాయవాది