పత్తి కట్టె బొగ్గును ముందు చెలక నేలలకు ఇప్పించండి: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నల్లగొండ జిల్లాలో నాలుగెకరాల చెలక (ఇసుక పాలెక్కువైన ఎర్రనేల), రెండెకరాల నల్లరేగడి సాగుచేసుకునే రైతుగా ఈ విన్నపం చేసుకుంటున్నాను. ఆఖరి ఏరుడు ముగియగానే మా ఊళ్లో పత్తి కట్టెను పీకి, కుప్పలు వేసి, నిప్పు పెడతాం. గులాబీ రంగు పురుగు మరుసటి పంటకు మిగలకుండా కట్టెను చేనులోంచి తీసేయక తప్పదు గనుక ఇందులో రైతును నిందించి లాభం లేదు. అయితే అదే కట్టెను గాలి అంతగా తగలని డ్రమ్ములో కాల్చితే బూడిదకు బదులు బొగ్గు మిగులుతుంది. దీనినే బయోచార్ అంటున్నారు. కట్టెలోని కర్బనంలో ఇంచుమించు సగం ఇందులో నిలిచిపోతుంది. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ మామూలు ఇనుప డ్రమ్ముతోనే ఇందుకు తగిన బట్టీని ఎప్పుడో రూపొందించింది.

ఈ బొగ్గు ఎరువు కాదన్న సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నాను. తొలిసారి పచ్చి బొగ్గును నేరుగా టమాట మడిలో కలిపితే ఆకులు పాలిపోయాయి; ఉన్న కాస్త నత్రజనినీ అది తనవైపు లాగేసుకుంది. మరుసటి ఏడు పశువుల పెంటలో కలిపి, తడుపుతూ రెండు నెలలు మాగబెట్టి వేస్తే మొక్క నిలదొక్కుకుంది. బొగ్గులోని సన్నని రంధ్రాలు తేమను పట్టి ఉంచుతాయి, దాని ఉపరితలంపై ఉండే రుణావేశం అమ్మోనియం, పొటాషియం, కాల్షియం వంటి పోషకాలు నీటితో కిందికి కొట్టుకుపోకుండా ఆపుతుంది. వాన పడిన నాలుగో రోజుకే ఆరిపోయే ఇసుక పాలెక్కువైన చెలకకు కావలసింది సరిగ్గా ఇదే.

నల్లరేగడి సంగతి వేరు. బయోచార్‌కు సాధారణంగా క్షార గుణం ఉంటుంది. ఆమ్ల నేలల్లో అది సున్నం వేసినట్టుగా మేలు చేస్తుంది. సున్నం శాతం, పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణాల కొలత) ఇప్పటికే ఎక్కువగా ఉన్న రేగళ్లలో మాత్రం భాస్వరం, జింకు మొక్కకు అందకుండా పోయే ప్రమాదం ఉంది. కనుక యూరియా బస్తాల్లా అందరికీ ఒకే లెక్కన పంచే పథకంగా దీనిని చేయవద్దని నా మనవి. భూసార పరీక్ష పత్రంలో పీహెచ్, సేంద్రియ కర్బనం రెండూ ఉంటాయి కాబట్టి వాటిని చూసిన తరువాతే సిఫారసు చేయించండి.

మరొక లెక్క కూడా దాచకుండా చెప్పాలి. నాలుగు కిలోల ఎండు కట్టెకు సుమారు కిలో బొగ్గు వస్తుంది, అంటే ఎకరానికి టన్ను కట్టె అనుకున్నా దక్కేది రెండున్నర క్వింటాళ్లే. పరిశోధనల్లో వాడే మోతాదు తరచుగా హెక్టారుకు 5 నుంచి 20 టన్నులు. చేనంతా చల్లడం మా వల్ల కాని పని; పెంటతో మాగబెట్టి, విత్తే సాళ్లలో, కూరగాయల మడుల్లో, మామిడి, బత్తాయి గుంతల్లో వేసుకోవడమే గిట్టుబాటు అవుతుంది. ఎకరాలకెకరాలు మారిపోతాయని ప్రచారం చేస్తే రెండో ఏటికే రైతు నమ్మకం పోతుంది.

ఊరికి రెండు బట్టీలను అద్దె పద్ధతిలో రైతు వేదికల ద్వారా అందించి, కాల్చే పద్ధతిని, మరీ ముఖ్యంగా పొగ తగ్గించే కిటుకును విస్తరణ అధికారుల చేత చేనులోనే చూపించగలరు. ప్రతి మండలంలో చెలకలో ఒకటి, రేగడిలో ఒకటి ప్రదర్శన మళ్లు వేయించి, మూడు పంటల ఫలితాలను, విఫలమైన వాటితో సహా, తెలుగులో ప్రకటించాలి. మాకు కట్టె పీకే పని జనవరిలో మొదలవుతుంది. బట్టీలు డిసెంబరు లోపు చేరేలా ఆదేశాలివ్వగలరని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
నల్లగొండ జిల్లా పత్తి రైతు