పాత వార్తల్లో ‘టన్ను’: ఏ టన్నో చెప్పండి

సంపాదకులకు,

మీరు పునర్ముద్రిస్తున్న పాత వార్తల్లో రేవు, ఓడలు, ఉక్కు కబుర్లంటే విశాఖ పాఠకులకు ప్రత్యేకమైన ఇష్టం. అయితే వాటిలో ‘టన్ను’ అన్న మాటను ఉన్నదున్నట్టు దించేయడంతో చదివేవాళ్ల లెక్కలు తప్పుతున్నాయి. నాటి విలేకరులు ఆ ఒక్క మాటతోనే నాలుగైదు రకాల కొలతలు చెప్పేవారు.

1948 మార్చి 14న నెహ్రూ ఇక్కడ జలప్రవేశం చేయించిన ‘జల ఉష’ 8,000 టన్నుల ఓడ. ఆ అంకె ఓడ బరువు కాదు, ఓడ మోయగలిగిన బరువు. సరుకు, ఇంధనం, మంచినీళ్లు, తిండి సామాను, సిబ్బంది అన్నీ అందులోకే వస్తాయి. దీన్నే డెడ్‌వెయిట్ అంటారు. ప్రయాణికుల ఓడల వార్తల్లో టన్ను చాలాసార్లు అసలు బరువే కాదు, చోటు. ఓడ లోపల వంద ఘనపుటడుగుల చోటుకు ఒక రిజిస్టర్ టన్ను అని కట్టేవారు. ఓడల కొలతలపై 1969 నాటి అంతర్జాతీయ ఒప్పందం 1982 జులైలో అమల్లోకి వచ్చాక ఆ లెక్క మారింది. ఇప్పటి గ్రాస్ టనేజీ ఓడ లోపలి మొత్తం చోటును బట్టి ఒక సూత్రం నుంచి వచ్చే వట్టి అంకె, దాని పక్కన ‘టన్నులు’ అని రాయకూడదు. అందుకే జల ఉష 8,000కీ నేటి ఓడ గ్రాస్ టనేజీకీ పోటీ పెట్టి ‘ఇన్ని రెట్లు పెద్దది’ అనడం అర్థంలేని పని.

యుద్ధనౌకలది మరో పద్ధతి. అక్కడ టన్నులంటే నౌక పక్కకు తోసిన నీటి బరువు. మన ఆర్కే బీచ్‌లో ఉన్న జలాంతర్గామి కురుసురనే చూడండి. ఒకచోట సుమారు 1,950 టన్నులని, మరోచోట 2,475 అని కనిపిస్తుంది. రెండూ సరైనవే. మొదటిది నీటిపైన తేలుతున్నప్పటిది, రెండోది బ్యాలస్ట్ ట్యాంకుల్లోకి నీళ్లు వదిలి మునిగాక లెక్క. ఏదో ఒకటి అచ్చుతప్పని దిద్దితే, ఉన్న నిజాన్ని చెరిపినట్టే.

ఇక తూకం టన్ను. మెట్రిక్ తూకాలు మనకు 1958 అక్టోబరు నుంచి దశలవారీగా వచ్చాయి. అంతకుముందు వార్తల్లో టన్ను అంటే సాధారణంగా 2,240 పౌన్ల బ్రిటిష్ టన్ను, అంటే 1,016 కిలోలు. పది లక్షల పాత టన్నులు నేటి లెక్కలో, అంటే 1,000 కిలోల మెట్రిక్ టన్నుల్లో, 10.16 లక్షలు. అమెరికా వార్తల్లో అయితే 2,000 పౌన్లే, 907 కిలోలు. ఇంగ్లిష్‌లో మెట్రిక్ టన్నుకు (tonne) చివర రెండక్షరాలు ఎక్కువ ఉంటాయి కనుక కొంత ఆనవాలు దొరుకుతుంది. తెలుగులో అన్నీ ‘టన్ను’లే కావడంతో ఆ దారీ మూసుకుపోయింది.

ఉక్కు వార్తల్లో తూకం ఒకటే అయినా చిక్కు తప్పదు. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం అప్పటి సామర్థ్యం 30 లక్షల టన్నులంటే అది ద్రవ ఉక్కు, అంటే ఇంకా పోత పోయని కరిగిన ఉక్కు. అమ్మకానికి పనికొచ్చే ఉక్కు 26.56 లక్షలు. మొదటి అంకె పక్కన అమ్మకాల అంకె పెట్టి ‘మిగతాది ఏమైంది’ అని అడిగేవాళ్లున్నారు. పోత పోసి, రోలర్ల మధ్య నొక్కి సాగదీసి, చివరలు కోసేసరికి ఆ మాత్రం తరుగు మామూలే. కోసిన ముక్కలు తుక్కుగా మళ్లీ కొలిమికే పోతాయి.

దయచేసి పాత వార్త మూలాన్ని మార్చకండి, అంకెల్ని నేటి టన్నుల్లోకి తిప్పకండి. కింద ఒక్క పంక్తి చాలు: డెడ్‌వెయిటా, రిజిస్టర్ టన్నా, తోసిన నీటి బరువా, సరుకు తూకమా. వార్తను బట్టి అది పోల్చుకోవచ్చు. షిప్‌యార్డులో సరుకు ఓడ జలప్రవేశమైతే చాలావరకు డెడ్‌వెయిటే, నేవీ నౌకదైతే తోసిన నీరు, రేవు వార్షిక లెక్కలైతే ఎక్కి దిగిన సరుకు. పోల్చుకోలేనప్పుడు ‘ఏ టన్నో మూలంలో లేదు’ అని వేయండి.

— ఓడల సర్వే పని తెలిసిన పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం