పెద్దాయన్ని పిలవండి

బావా,

నీ ఉత్తరం అందింది. జనవరిలో మీ త్యాగరాజ ఆరాధనకు గాత్ర కచేరీ చేసే ఆ పెద్దాయన్ని, వయసైపోయిందని, పిలవద్దని కమిటీలో అన్నావట. పైగా "జానకమ్మలా గౌరవంగా తప్పుకోవాలి" అని రాశావు. సినీ గాయని ఎస్. జానకి గారి విషయంలో నాకూ రెండో మాట లేదు. 2016లో మలయాళంలో ఒక జోలపాట పాడి సినిమాలకు ఇక చాలన్నారు. మరుసటి ఏడాది మైసూరు కచేరీతో వేదిక మీద పాడటం కూడా మానేశారు. అప్పటికి ఆవిడకు 79 ఏళ్లు.

కానీ సినిమా పాట సంగతి వేరు బావా. ముప్పై ఏళ్ల వయసులో రికార్డు చేసిన పాట జనం చెవుల్లో అలాగే ఉండిపోతుంది. అదే శ్రుతి, అదే విరుపు కావాలంటారు. డెబ్భై దాటినావిడ తన పాత గొంతుతోనే పోటీపడాలి. ఎంత అన్యాయం!

కర్ణాటక సంగీతంలో ఆ బాధ లేదు. ఒకటిన్నర శ్రుతిని ఒకటికి, అంటే ఆధార స్వరాన్ని కాస్త కిందికి, దించుకున్నా ఎవరూ తప్పు పట్టరు. మొన్న మా ఊళ్లో ఆ పెద్దాయన కాంభోజి రాగం ఎత్తుకున్నారు. పై షడ్జం, అంటే పై 'స', దగ్గర ఊపిరి అందక, వెనక కూర్చున్న శిష్యురాలికి సైగ చేశారు. ఆ అమ్మాయి ఆ పై స్వరాలు తారస్థాయిలో చక్కగా పాడింది. తర్వాత ఆయన కింది స్థాయికి, మంద్రానికి దిగి, ధైవతం ('ద' స్వరం) మీద ఒక్క గమకం పలికారు, స్వరాన్ని ఊపుతూ. కాంభోజి అంతా అందులోనే ఉంది! ఆ అమ్మాయికి అది పట్టుబడాలంటే ఇంకా ఎన్నేళ్లు సాధన చేయాలో. ఆయన్ని ఇంట్లో కూర్చోమంటే ఆ గమకం మనకెవరు వినిపిస్తారు?

గాత్ర విద్వాంసులు శెమ్మంగుడి శ్రీనివాసయ్యర్ వారు తొంభై దాటాక కూడా పాడారు. మన అన్నవరపు రామస్వామి గారు 1926లో పుట్టారు, మంగళంపల్లి బాలమురళితో పాటు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకున్నారు. ఆయనా తొంభై దాటాక ఫిడేలు పట్టుకుని వేదికెక్కారు. వాళ్లను చాలించమనడానికి మనమెవరం? మానాలనిపిస్తే వాళ్లే మానేస్తారు. చాలామందికి ఆ సంభావనే ఆధారమన్న సంగతి కూడా మర్చిపోకు.

మారాల్సింది మీ ఏర్పాట్లు. మూడు గంటల కచేరీ వద్దు, గంటన్నర చాలు. రాత్రి పది దాకా ఆయన్ని కూర్చోబెట్టకుండా సాయంత్రం మొదటి కచేరీ ఇవ్వండి. వేదిక మీద వీపుకి ఆనుకోవడానికి ఒక దిండు వేయించు. శిష్యురాలికీ మైకు పెట్టించు. సంభావన మాత్రం తగ్గించొద్దు. ఆదివారం కమిటీలో ఈ మాట నువ్వే ఎత్తు, ఏమన్నారో ఫోన్ చేసి చెప్పు.

నీ బావ