గ్రంథాలయంలోని కంప్యూటర్ల గురించి అధికారి గారికి బహిరంగ లేఖ

గ్రంథాలయ అధికారి గారికి,

నమస్కారం. మొన్న మీ గ్రంథాలయంలో మూడో కంప్యూటర్ ముందు కూర్చుని బ్రౌజర్ తెరవగానే ఎవరిదో మెయిల్ ఇన్‌బాక్స్ కనిపించింది. లాగౌట్ చేయకుండా వెళ్లిపోయారు పాపం. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒకరి గుర్తింపు కార్డు స్కాన్, ఇంకొకరి బ్యాంకు స్టేట్‌మెంట్. లాగౌట్ చేసి, ఆ ఫైళ్లు చెరిపేశాను. నా చోట ఇంకెవరైనా ఉండుంటే?

తప్పు వాళ్లదేనని దయచేసి అనకండి. సొంత కంప్యూటర్ లేనివాళ్లే ఎక్కువగా అక్కడికి వస్తారు. ఒకరు లేవగానే అన్నీ చెరిగిపోయేలా యంత్రాన్ని సెట్ చేయడం మీ సిబ్బంది చేతిలో పని.

నాకు ఇంకా భయం వేసేది సీపీయూ వెనక వైపు. కీబోర్డు వైరుకీ పోర్టుకీ మధ్య వేలెడంత కీలాగర్ అనే దొంగ పరికరం దూర్చితే చాలు, నొక్కిన ప్రతి అక్షరం అందులో చేరుతుంది. మామూలుగా యాంటీవైరస్ దాన్ని పట్టలేదు. ప్రైవేట్ విండో వాడినా లాభం లేదు. రోజూ ఉదయం ఎవరో ఒకరు వంగి చూడాల్సిందే.

ఇక వైఫై. 2010లో ఫైర్‌షీప్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వచ్చాక, పాస్‌వర్డ్ లేని వైఫైలో పక్కవాళ్ల ఫేస్‌బుక్‌లోకి దూరడం ఎంత తేలికో అందరికీ తెలిసింది. సైట్లు హెచ్‌టీటీపీఎస్‌కు, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రహస్య లిపిలో సమాచారం పంపే పద్ధతికి, మారాక ఆ ముప్పు చాలావరకు తగ్గింది. కానీ మీ నెట్‌వర్క్‌ను పోలిన పేరుతో ఎవరైనా హాట్‌స్పాట్ పెడితే మేం పోల్చుకోలేం. అసలు పేరేదో గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.

ముందు ఆ మూడో కంప్యూటర్ సంగతి చూడండి. ఈ వారమే.

ఇట్లు,
మీ పాఠకురాలు